రబ్బరును స్థిరపఱచిన చార్లెస్ గుడియర్

మీరు ప్రతిదినమును జహనుమా వీధులగుండ బడికి వచ్చునపుడు, టైర్లు బాగుచేయు దుకాణములమీద పంచరు అను మాట ప్రక్కనే వల్కనైజింగు అను మాటయు వ్రాసియుండుట చూచుచుందురు. కోతపడిన టైరును శుభ్రముగ గీకి, ఆ గాయములో పచ్చి రబ్బరు నుంచి, వేడిచేసిన ఇనుప అచ్చుల నడుమ బిగించి కొంతసేపు అట్లే యుంతురు. తరువాత విప్పి చూడగా పచ్చి రబ్బరు గట్టిపడి పాత రబ్బరుతో ఏకమైయుండును. అచ్చటివారు ఈ పనిని దినమునకు ఎన్నియో మార్లు చేయుదురు. కాని ఆ మాట వెనుక ఒక మనుష్యుని జీవితమంతయు నున్నదనియు, ఆ మనుష్యుని యింటివారి ఆకలియు కన్నీరును ఉన్నవనియు ఎఱిగినవారు కొలదిమందియే. ఆయన పేరు చార్లెస్ గుడియర్. ఆయన చరిత్రమును ఈ సంచికలో మీకు చెప్పదలచితిని.

మన ఊరిలో మే నెల యెండ ఎట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. చార్మినారునుండి ఫలక్‌నుమాకు పోవు బాటమీద తారు మెత్తబడి చెప్పుల కంటుకొను మధ్యాహ్నములలోను సైకిలు టైరు కరగదు, సాగిపోదు. ఇక మంచుగడ్డ యన్ననో, షర్బతు అమ్మువాడు గోనెపట్టాలో చుట్టి తెచ్చు దిమ్మయే మనకు తెలియును. ఆ దిమ్మమీద చేయి పెట్టినచో ఎట్లు జాఱునో మీ రెఱుగుదురు. ఫిన్లాండు, స్వీడను, కెనడా మొదలగు ఉత్తర దేశములలో చలికాలమున చెఱువులకు చెఱువులే అట్టి దిమ్మలవలె గడ్డకట్టును. ఆ గడ్డమీద మనుష్యులు నడచుటయే కాక బండ్లను కూడ నడపుదురు. ఏటీవీ అని పిలువబడు నాలుగు వెడల్పు చక్రముల చిన్న మోటారుబండిని చేపల వేటకును, పందెములకును అచ్చట ఉపయోగింతురు.

అయితే ఉత్త టైరు గడ్డమీద పట్టు చిక్కించుకొనలేదు. గడ్డయొక్క పైపొర పలుచని నీటివలె నుండి జాఱుడు కలిగించును. చక్రము తిరుగును గాని బండి కదలదు. మలుపు త్రిప్పినను బండి తిన్నగనే పోవును. అందుచేత టైరుమీది రబ్బరు గుబ్బలలో చిన్న ఇనుప మేకులను గాని మరమేకులను గాని బిగింతురు. వాని తలలు రబ్బరునుండి కొంచెము పైకి వచ్చి గడ్డను కఱచి పట్టును. మేకు పొడవు గుబ్బ మందమునకు మించరాదు. మించినచో లోపలి పొరలకు చిల్లు పడును. మోటారుకార్ల చలికాలపు టైర్లలో నుంచు మేకులకు టంగ్‌స్టన్ కార్బైడు అను మిక్కిలి కఠిన పదార్థముతో మొన కట్టుదురు. కాని మేకు ఎంత గట్టిదైనను దానిని పట్టియుంచునది రబ్బరే గదా! ఆ చలిలో రబ్బరు పెళుసైనచో మేకు ఊడిపోవును. జిగటయైనచో మేకు ఒఱగిపోవును. మన యెండలో కరగని రబ్బరే ఆ చలిలో బిఱ్ఱబిగియకుండ నుండుట యెట్లు సాధ్యమాయెను? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమే గుడియర్ జీవితము.

చార్లెస్ గుడియర్ 1800 సంవత్సరము డిసెంబరు 29వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కనెక్టికట్ రాష్ట్రమందు న్యూహేవెన్ పట్టణములో జన్మించెను. తండ్రియగు అమాస గుడియర్ ఇనుప సామానుల వర్తకుడు. గుండీలను, సేద్యపు పనిముట్లను చేయించి అమ్ముచుండెను. ఆ యింటిలో దైవభక్తియు, క్రమశిక్షణయు, కష్టపడి పనిచేయు అలవాటును ఉండెను. చార్లెస్ జ్యేష్ఠ కుమారుడు. ఇంచుమించు పదునేడేండ్ల ప్రాయమున అతడు ఫిలడెల్ఫియా నగరమునకు పోయి వ్యాపారము నేర్చుకొని, ఇరువదియొక్క యేండ్లవాడై తిరిగివచ్చి తండ్రితో భాగస్థుడాయెను. 1824లో క్లారిస్సా బీచర్ అను కన్యను వివాహమాడెను. రెండేండ్ల పిమ్మట ఈ దంపతులు ఫిలడెల్ఫియా చేరి, అచ్చట ఇనుప సామానుల దుకాణము తెఱచిరి. మొదట వ్యాపారము చక్కగనే సాగెను. కాని అరువిచ్చిన సొమ్ము రాకపోవుటచేతను, చార్లెసు ఆరోగ్యము చెడుటచేతను, 1830వ సంవత్సర ప్రాంతమున ఆ దుకాణము కూలిపోయెను.

ఆ కాలమున అమెరికాలో అప్పు తీర్చలేనివానిని చెఱసాలలో నుంచు ఆచార ముండెను. చార్లెసు తన అప్పులను రద్దు చేయించుకొను మార్గమున్నను దానిని అవలంబింపక, మెల్లమెల్లగ అందఱకును చెల్లింపవలెనని సంకల్పించెను. సంకల్పము గొప్పదే, కాని చేతిలో సొమ్ము లేదు. కావున ఆ తరువాతి పదేండ్లలో అతడు ఎన్నిమార్లు చెఱసాలకు పోయి వచ్చెనో లెక్క చెప్పుట కష్టము. చెఱసాల గది అతనికి రెండవ యిల్లువంటి దాయెను. ఇట్టి స్థితిలో నున్నవాడు ఏదైన చిన్న ఉద్యోగము చూచుకొనుట లోకసహజము. చార్లెసు అట్లు చేయలేదు. అతని మనస్సు రబ్బరుమీదికి పోయెను.

ఆ నాటి రబ్బరు ఎట్టిదో ముందు తెలిసికొనవలెను. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులలో కొన్ని చెట్లకు గాటుపెట్టగా పాలు కారును. ఆ పాలు పేరుకొనగా రబ్బరగును. దానినుండి ఆ దేశపు ఆదివాసులు బంతులను, పాదరక్షలను, బుడ్లను చేసికొనుచుండిరి. నీరు చొరని గుణము దానిలో కనబడుటచేత, 1830 తరువాత అమెరికాలో అనేకులు రబ్బరు చెప్పులను, అంగీలను చేయు కార్ఖానాలను పెట్టిరి. జనులు ఆత్రముతో కొనిరి. అంతలో వేసవి వచ్చెను. చెప్పులు ముద్దలై, అంగీలు జిగటలై, దుర్గంధము కొట్టసాగెను. చలికాలమున అవియే అట్టలవలె బిగిసి నిలువబడెను. కొన్నవారు తెచ్చి తిరిగి పాఱవేసిరి. కార్ఖానాలు వరుసగ మూతపడెను. వానిలో మూలధన ముంచినవారు నష్టపోయిరి.

1834లో చార్లెసు న్యూయార్కు నగరమున రాక్స్‌బరీ రబ్బరు సంఘమువారి దుకాణమునకు పోయెను. అచ్చట నీటిలో మునుగకుండ కాపాడు గాలి నింపిన నడికట్టును చూచి, దానిలో గాలి యూదు కవాటము సరిగా లేదని తలచి, మెఱుగైన కవాటము నొకదానిని చేసి తీసికొనిపోయి చూపెను. దుకాణపు అధికారి దానిని మెచ్చుకొనెను గాని కొనలేదు. కవాటమునుగాక రబ్బరునే బాగుచేయువా డెవడైన నున్నచో వానికి ధనమునకు కొఱత యుండదని చెప్పి, తమ సంఘము వేసవిలో కరగి తిరిగివచ్చిన సరకులతో మునిగిపోవుచున్న రహస్యమును తెలిపెను. ఆ మాట చార్లెసు హృదయములో నాటుకొనెను. రసాయనశాస్త్రము నతడు చదువలేదు. యంత్రశాల యేదియు అతనికి లేదు. చేతిలో పైకము లేదు. అయినను ఈ పని తనకే భగవంతుడు అప్పగించెనని అతడు దృఢముగ నమ్మెను.

ఇంటికి తిరిగివచ్చిన వెంటనే అప్పులవారు అతనిని మరల చెఱసాలకు పంపిరి. అతని మొదటి ప్రయోగములు ఆ చెఱసాలలోనే జరిగెను. భార్య రొట్టెలు చేసికొను పీటను, అప్పడాల కఱ్ఱను, కొంత పచ్చి రబ్బరును తెప్పించుకొని, దినమంతయు పిసుకుచు, ఒత్తుచు కూర్చుండెను. జిగటగా నున్న రబ్బరులో పొడియగు వస్తువును కలిపినచో జిగట పోవునేమో యని తలచి మెగ్నీషియా అను తెల్లని పొడిని కలిపెను. రబ్బరు తెల్లగ, నునుపుగ కనబడెను. బయటికి వచ్చిన పిమ్మట ఒక స్నేహితుని సహాయముతో, భార్యాబిడ్డలు కూడ చేయి వేయగా, వంటయింటిలోనే వందలకొలది చెప్పులు తయారుచేసిరి. వేసవి రాగానే అవియు ముద్దలాయెను. స్నేహితుడు విరమించుకొనెను. ఇంటి సామానులు అమ్ముడుపోయెను.

తరువాత అతడు న్యూయార్కు చేరి, రబ్బరును సున్నపునీటిలో ఉడికించి చూచెను. జిగట పోయెను. 1835లో ఒక ప్రదర్శనమున అతనికి పతకము కూడ లభించెను. కాని పులుసు చుక్క యొకటి తగిలినంతమాత్రమున ఆ రబ్బరు మరల జిగటయగుట కనిపెట్టి, తన జయము జయము కాదని తానే ఒప్పుకొనెను. మఱియొకనాడు రంగు తుడుచుటకై నత్రికామ్లమును పూయగా, ఆ చోట పైపొర నునుపై గట్టిపడుట చూచెను. ఈ పద్ధతికి 1837లో ప్రభుత్వమువారి హక్కుపత్రము పొందెను. ఆ యామ్లపు పొగలు మూసిన గదిలో నిండుటచేత ఒకమారు ప్రాణాపాయము కలిగి, కొన్ని వారములు జ్వరముతో మంచముపట్టెను. కొలదికాలములోనే దేశమంతటను ధనసంక్షోభ మేర్పడి, అతనికి పెట్టుబడి పెట్టిన భాగస్థుడు కూలిపోయెను. స్టేటన్ దీవిలో పాడుపడిన రబ్బరు కార్ఖానాలో ఆ కుటుంబము తలదాచుకొని, చార్లెసు పట్టి తెచ్చిన చేపలతో కాలము గడపవలసివచ్చెను. రబ్బరు టోపీని, రబ్బరు అంగీని, రబ్బరు చెప్పులను ధరించి, కాసు లేని రబ్బరు సంచితో తిరుగువా డెవడైన కనబడినచో అతడే గుడియరని జనులు పరిహసించుచుండిరట.

పిమ్మట అతడు మాసచూసెట్సు రాష్ట్రమునకు పోయెను. అచ్చట ప్రభుత్వమువారు అతనికి 150 తపాలా సంచులు చేయుటకు ఉత్తరువిచ్చిరి. సంచులు చక్కగ తయారాయెను. వానిని ఒక వెచ్చని గదిలో వ్రేలాడదీసి కొన్నిదినములు వేఱొక ఊరికి పోయి వచ్చి చూచునప్పటికి, సంచులు జాఱి, పిడులూడి, అడుగున ముద్దలై పడియుండెను. నత్రికామ్లము పైపొరను మాత్రమే బాగుచేసెను. లోపలి రబ్బరు ఎప్పటివలెనే యుండెను. ఊరివారి యెదుట ఈ యవమానము పొందిన తరువాత అతనిమీద నమ్మకముంచువారు దాదాపుగ లేకపోయిరి. అయినను ఈ దినములలోనే అతనికి ఒక మేలు కలిగెను. ఊబర్న్ గ్రామమందు నథానియేల్ హేవర్డ్ అను నతడు రబ్బరులో గంధకపు పొడిని కలిపి ఎండలో ఆరబెట్టుచుండెను. దానివలన పైభాగము కొంత గట్టిపడుచుండెను. చార్లెసు ఆ పద్ధతిని నేర్చుకొని, దానిమీది హక్కును హేవర్డువద్ద పొందెను.

1839వ సంవత్సరపు చలికాలములో ఆ ప్రసిద్ధ సంఘటనము జరిగెను. గంధకము కలిపిన రబ్బరు ముక్క యొకటి మండుచున్న పొయ్యి యినుముకు తగిలెను. రబ్బరు వేడికి కరగవలసినది. అది కరగలేదు, తోలువలె మాడెను. చూచినవారు దానిని లక్ష్యపెట్టలేదు. చార్లెసు మాత్రము వంగి చూచెను. మాడిన భాగమునకును పచ్చి భాగమునకును నడుమ సన్నని అంచు కనబడెను. ఆ యంచు మాడలేదు, జిగటయు కాలేదు. లాగిన సాగుచు, వదలిన మరల దగ్గఱకు వచ్చుచుండెను. వేడిని సరియైన చోట ఆపగలిగినచో రబ్బరంతయు అట్లే యగునని అతడు గ్రహించెను. ఆ రాత్రి అతడు ఆ ముక్కను తలుపు వెలుపల మేకుతో కొట్టి, ఎముకలు కొఱుకు ఆ చలిలో వదలెను. ఉదయమున పోయి వంచి చూడగా, అది ముందటిరాత్రి వలెనే మెత్తగ వంగెను. ఎండకు కరగనిదియు చలికి బిగియనిదియు నగు రబ్బరు ఆ యుదయమున అతని చేతిలో నుండెను. నేడు మంచుగడ్డలమీద పరుగెత్తు టైర్లలో మేకు నిలుచుచున్నదన్నచో, ఆ రాత్రి ఆ తలుపు వెలుపల మేకు దిగిన చిన్న ముక్కనే మనము తలచుకొనవలెను.

ఇందులోని కారణము చార్లెసునకు తెలియదు. అది తరువాతి శాస్త్రజ్ఞులకు తెలిసెను. రబ్బరు అతిసూక్ష్మములైన పొడుగాటి గొలుసులవంటి అణువులతో నేర్పడియున్నది. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు విడివిడిగ నుండుటచేత, వేడికి ఒకదానిమీద నొకటి జాఱిపోవును; చలికి వరుసలుగ అమరి బిగిసిపోవును. గంధకముతో కలిపి తగినంత వేడిచేసినపుడు గంధకపు పరమాణువులు గొలుసునకును గొలుసునకును నడుమ వంతెనలు కట్టును. అప్పుడు గొలుసులు సాగగలవు గాని విడిపోలేవు. వరుసలుగ అమరి గడ్డకట్టుటయు మిక్కిలి కష్టమగును. చేపలు పట్టు వలను తలచుకొనుడు: ముడులు లేని దారములు చెదరిపోవును; ముడులు వేసిన వల సాగియు తన రూపమును తిరిగి పొందును. మన వీధిలోని దుకాణములో వేడి అచ్చు నడుమ జరుగునదియు ఈ ముడులు వేయుటయే.

సత్యము కనబడెను గాని కష్టములు తీరలేదు. ఎంత గంధకము, ఎంత వేడి, ఎంతసేపు అను మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము తెలియుటకు ఇంచుమించు ఐదేండ్లు పట్టెను. భార్య రొట్టె కాల్చిన పిమ్మట ఆ పొయ్యిలోనే రబ్బరు కాల్చుచుండెను. ఇరుగుపొరుగుల కమ్మరుల కొలుములవద్దను, కార్ఖానాల బాయిలర్లవద్దను వేడికొఱకు యాచించుచుండెను. 1839-40 చలికాలమున ఒకనాడు ఇంటిలో తిండియు వంటచెఱకును లేక, రోగముతో కృశించియున్న అతడు మంచుతుపానులో కొన్ని మైళ్లు నడచి, ఎఱిగిన యొకని యింటికి పోయి సహాయము పొంది కుటుంబమును బ్రతికించుకొనెను. మఱియొకమారు అప్పుకొఱకు బోస్టనుకు పోయి, అప్పు దొరకక, అయిదు డాలర్ల పూటకూటింటి బాకీకై చెఱసాలలో పడెను. ఇల్లు చేరునప్పటికి అతని పసికుమారునికి ఆయువు తీరెను. అంత్యక్రియలకు పైకము లేక, ఎరువు తెచ్చిన బండిమీద ఆ చిన్న పెట్టెను శ్మశానమునకు తీసికొనిపోయిరి. అతని సంతానములో ఇంకను పలువురు బాల్యముననే గతించిరి.

ఈ దినములలోనే అతడు తన పిల్లల పాఠపుస్తకములను అయిదు డాలర్లకు అమ్మి, ఆ పైకముతో ప్రయోగములు సాగించెను. విద్యార్థులారా, ఇరువది యేండ్లుగ పిల్లలకు పాఠములు చెప్పుచున్న నేను ఈ చరిత్రమును చదివినప్పుడెల్ల ఇచ్చట ఆగిపోవుదును. మన పాఠశాలలోనే ఒక తండ్రి తన సైకిలును అమ్మి కుమారునకు పుస్తకములు కొని తెచ్చిన సంగతి నే నెఱుగుదును. ఆ తండ్రి పేరు ఏ పుస్తకములోను ఎక్కదు. పుస్తకము లమ్మి రబ్బరు కొన్న తండ్రి పేరు లోకమంతటను నిలిచినది. ఈ యిద్దఱిలో ఎవరు గొప్పవారని మీరు నన్నడిగినచో, వెంటనే ప్రత్యుత్తరము చెప్పజాలను. గుడియర్ పట్టుదల లేకున్నచో లోకమునకు ఈ మేలు అప్పుడు కలిగియుండదు. కాని ఆ పట్టుదలకు వెల చెల్లించినవాడు అతడొక్కడే కాడు. ఒకటి రెండు దినములు కాదు, ఏండ్లతరబడి ఆకలిని సహించి, చిరిగిన బట్టలతో బిడ్డలను పెంచి, అప్పులవారికి తలుపు తీసి సమాధానము చెప్పి, భర్తను ఒక్కనాడును విడువని క్లారిస్సా చెల్లించెను. తమ పుస్తకములు ఏమైనవో తెలియక చూచిన ఆ బిడ్డలు చెల్లించిరి. గొప్పవారి చరిత్రములు చదువునపుడు వారి యింటిలోనివారినికూడ లెక్కలో చేర్చుకొనవలెనని నా తలంపు.

కడకు, ఉన్నివస్త్రముల కార్ఖానాదారుడగు బావమఱది విలియం డి ఫారెస్టు మొదలైనవారి ధనసహాయముచేత పని కొనసాగెను. 1844 జూను 15వ తేదీన అమెరికా ప్రభుత్వమువారు గుడియరునకు హక్కుపత్రము నొసగిరి. అయితే ఇంగ్లాండులో మాత్రము అతనికి ముందే థామస్ హాంకాక్ అను ప్రవీణుడు, అమెరికానుండి వచ్చిన రబ్బరు ముక్కలలో గంధకపు జాడను కనిపెట్టి, తానును ప్రయోగములు చేసి, కొన్ని వారములు ముందుగ 1843 నవంబరులోనే హక్కునకై దరఖాస్తు పెట్టెను. వల్కనైజింగు అను మాటయు హాంకాకు స్నేహితుడొకడు, రోమనుల అగ్నిదేవతయగు వల్కను పేరునుబట్టి కల్పించినదే. పనిని కనిపెట్టినవాడు ఒకడు, పేరు పెట్టినవాడు మఱియొకడు. గుడియర్ తన ముక్కలను హక్కు పొందకముందే ఇతరులకు చూపుట పొరపాటని తరువాత తెలిసికొనెను. కాని అప్పటికి సమయము మించిపోయెను.

అమెరికాలో కూడ అనేకులు అతని పద్ధతిని దొంగిలించి సరకులు చేయసాగిరి. వారిలో ముఖ్యుడగు హొరేస్ డే అనువానిమీద 1852లో న్యూజెర్సీ రాష్ట్రపు ట్రెంటను పట్టణములో పెద్ద వ్యాజ్యెము జరిగెను. గుడియర్ పక్షమున వాదించినవాడు ఆ దేశమున మహావక్తయని పేరొందిన డేనియల్ వెబ్‌స్టర్. ఆ వాదమునకు అతడు పుచ్చుకొన్న ఫీజు పదునైదువేల డాలర్లని చెప్పుదురు; ఆ కాలమున అది కనివిని యెఱుగని మొత్తము. గుడియర్ గెలిచెను. అయినను వచ్చిన సొమ్ము చేతిలో నిలువలేదు. ఇతరులకు అతడు మిక్కిలి తక్కువ రుసుమునకే అనుమతుల నిచ్చెను. తనకు వచ్చినదానిని క్రొత్త ప్రయోగములకును ప్రదర్శనములకును ఖర్చుపెట్టెను. రబ్బరుతో నావలు, మేజాలు, వాద్యములు, నాణెములు, ఆభరణములు, పుస్తకపు పుటలు చేయవచ్చునని కలలు కనుచుండెను.

1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున, గోడలనుండి గృహోపకరణములవఱకు సర్వము రబ్బరుతో చేసిన గదులను అతడు నిలిపెను. 1853లో క్లారిస్సా ఇంగ్లాండులో మరణించెను. భర్త కీర్తిని ఆమె కొంత చూచెను గాని, అప్పులేని ఇంటిని మాత్రము చూడలేదు. 1855లో ప్యారిసు ప్రదర్శనమున గుడియరునకు మహాపతకము లభించెను. ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియను ఆయనకు గౌరవచిహ్నమగు శిలువను ప్రసాదించెను. కాని అంతలో అచ్చటి హక్కుపత్రము రద్దగుటచేత రావలసిన రుసుములు ఆగిపోయెను. ఆ సంవత్సరము డిసెంబరు నెలలో అప్పులవారు అతనిని ప్యారిసులోని క్లిషీ చెఱసాలలో పెట్టించిరి. చక్రవర్తి యిచ్చిన శిలువను కుమారుడు చెఱసాలకు తెచ్చి తండ్రి చేతి కందించెను. ఒకే నెలలో ఆ గౌరవమును ఆ యవమానమును ఒక్కచోటనే అతనిని చేరెను.

అమెరికాకు తిరిగివచ్చిన తరువాత అతడు ఎక్కువ కాలము జీవింపలేదు. 1860లో న్యూహేవెనులో నున్న కుమార్తె మరణశయ్యమీద నున్నదని విని బయలుదేరి, న్యూయార్కు చేరునప్పటికి ఆమె చనిపోయెనని వినెను. ఆ దుఃఖమును అతని శిథిల శరీరము భరింపలేకపోయెను. జూలై 1వ తేదీన న్యూయార్కులోని ఒక హోటలులో అతడు కన్నుమూసెను. అప్పటికి అతని అప్పు ఇంచుమించు రెండు లక్షల డాలర్లు. అతనిని న్యూహేవెనులోని గ్రోవ్ వీధి శ్మశానమున సమాధి చేసిరి. ఇతరులు సంపాదించి తాను సంపాదింపనందుకు అతడు చింతింపలేదు. తాను విత్తినదానిని ఎవరును కోసికొననిచో అప్పుడే చింతింపవలెనని అతని యభిప్రాయము.

ఆ పంటను కోసికొన్నవారు లెక్కకు మించియున్నారు. 1845లో రాబర్ట్ థామ్సన్ గాలి నింపిన టైరును కల్పించెను గాని లోకము దానిని మఱచెను. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్, తన కుమారుని మూడు చక్రముల సైకిలుకై చేసిన గాలి టైరునకు హక్కు పొందెను. ఈ టైర్లన్నియు గంధకముతో కాల్చిన రబ్బరు వలననే సాధ్యమాయెను. 1934లో ఫిన్లాండువారు చలికాలమునకై ప్రత్యేకమైన టైరును మొట్టమొదట తయారుచేసిరి. తరువాత కొన్నియేండ్లకు మేకులు గల టైర్లును ఉత్తర దేశముల బాటలమీద వ్యాపించెను. అమెరికాలో 1898లో ఆక్రన్ పట్టణమున స్థాపింపబడిన ప్రసిద్ధమైన టైర్ల సంఘము గుడియర్ పేరునే పెట్టుకొనెను. దానికిని ఆయనకును, ఆయన కుటుంబమునకును ఏ సంబంధమును లేదు. గౌరవార్థమే ఆ పేరు పెట్టిరి.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మీరు రెండు సంగతులను తీసికొనిపోవలెనని కోరుచున్నాను. మొదటిది: పొయ్యిమీద మాడిన ముక్కను అందఱును చూచిరి, అయిదేండ్లుగ ఆ ప్రశ్ననే మోయుచున్నవాడు మాత్రమే దాని యంచును చూచెను. అదృష్టము తలుపు తట్టుట గొప్ప కాదు. తట్టినపుడు మేలుకొనియుండుట గొప్ప. రెండవది: మీలో ఎవరైన ఒక గొప్ప పనికై తమ్ము తాము అర్పించుకొనదలచినచో, ఆ యర్పణములో మీ యింటివారి భాగమెంతయో ముందుగ లెక్కించి, వారికి చెప్పి, వారికి ఋణపడితినని మఱువకుడు. తల్లిదండ్రులకును నాదొక మనవి. మీ బిడ్డ ఏదో ఒక పిచ్చి ప్రయత్నములో మునిగియున్నచో వెంటనే కసరకుడు. అట్లని వాని పుస్తకములను మాత్రము వానిచేత అమ్మనీయకుడు.

రేపు బడినుండి ఇంటికి పోవునపుడు ఆ దుకాణముముందు ఒక్క నిమిషము నిలిచి, వేడి అచ్చునుండి తీసిన టైరును ముట్టి చూడుడు. అది మన యెండకు కరగదు. ఎచ్చటనో గడ్డకట్టిన చెఱువుమీద దాని తోడిది మేకులతో పట్టు వదలక పరుగెత్తుచుండును. ఆ గుణమును కనిపెట్టిన చార్లెస్ గుడియరును, ఆ గుణమునకై పస్తులున్న క్లారిస్సాను, ఆ పుస్తకములు పోయిన బిడ్డలను ఒకమారు కృతజ్ఞతతో స్మరింపుడు.